రెండు వేలు ఎక్కడ ఆగాయి?

2025 నవంబరు 19న కోయంబత్తూరులో పీఎం కిసాన్ 21వ విడత విడుదలైంది. దేశమంతటా దాదాపు 9 కోట్ల మంది రైతులకు రెండేసి వేల చొప్పున సుమారు రూ.18 వేల కోట్లు. అదే రోజు కడప జిల్లాలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్నదాత సుఖీభవ రెండో విడత కింద రాష్ట్రం వాటా రూ.5 వేలు కూడా జమ చేసింది. ఇలాంటి రోజున ప్రతి ఊళ్లోనూ ఒకే తంతు జరుగుతుంది. ఒకే గట్టుకు అటొకరు ఇటొకరు సేద్యం చేసే ఇద్దరిలో ఒకరి ఫోను మోగుతుంది, రెండో ఆయనది మోగదు. నాలుగు రోజులు చూసి ఆయన రైతు సేవా కేంద్రానికి వెళ్తాడు. అక్కడి సహాయకుడు కంప్యూటర్ చూసి "పెండింగ్ చూపిస్తోంది పెద్దాయనా" అంటాడు. బ్యాంకులో "మా దగ్గర ఏమీ ఆగలేదు" అంటారు. తహసీల్దారు కార్యాలయంలో "నీ భూమికి ఏ ఇబ్బందీ లేదు" అంటారు.

ఆ ముగ్గురూ నిజమే చెప్పి ఉండవచ్చు. ఎందుకంటే ఆ రెండు వేల రూపాయలు ఒక కార్యాలయం ఇచ్చేవి కావు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు సంస్థలు తమ తమ రికార్డుల్లో ఒకే మనిషిని వెతికి, అందరూ "అవును, ఇతనే" అన్నాక కదిలే డబ్బు అది. ఒక్కచోట తేడా వచ్చినా ఆగుతుంది. ఎక్కడ తేడా వచ్చిందో రైతుకు తెలిస్తే ఏ గుమ్మం ఎక్కాలో తెలుస్తుంది. తెలియకపోతే అన్ని గుమ్మాలూ ఎక్కుతాడు, కూలి రోజులు పోగొట్టుకుంటాడు. ఆ దారిని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూద్దాం.

ముందు అర్హత. పీఎం కిసాన్‌ను 2019 ఫిబ్రవరి 1 నాటి మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించారు, అదే నెల 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభించారు. ఏడాదికి రూ.6 వేలు, రెండేసి వేల చొప్పున మూడు విడతలు: ఏప్రిల్-జులై, ఆగస్టు-నవంబరు, డిసెంబరు-మార్చి. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే అన్నారు, 2019 జూన్ నుంచి ఆ పరిమితి తీసేశారు. ఇక్కడ చాలామంది గమనించని సంగతి, ఈ సాయం మనిషికి కాదు, కుటుంబానికి. కుటుంబమంటే భార్య, భర్త, మైనారిటీ తీరని పిల్లలు. భార్య పేరిట రెండెకరాలు, భర్త పేరిట మూడెకరాలు వేర్వేరు పాసుపుస్తకాల్లో ఉన్నా వచ్చేది ఒక్కరికే. పెళ్లయి మేజరైన కొడుక్కి సొంత పట్టా ఉంటే అతనిది వేరే కుటుంబం.

రెండోది తేదీ. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డులో పేరు ఉండాలి. ఆ తర్వాత కొన్న భూమికి ఈ పథకం వర్తించదు. వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. మొన్నమొన్నటిదాకా అందుకుంటూ వచ్చి హఠాత్తుగా ఆగిపోయిన వారిలో చాలామంది ఈ రెండు నిబంధనల దగ్గరే ఆగారు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ తీసుకుంటున్నట్టు కనిపించిన పేర్లను, ఆ తేదీ తర్వాత భూమి చేతికొచ్చినట్టు కనిపించిన పేర్లను కేంద్రం అనుమానిత జాబితాలో పెట్టి, క్షేత్రస్థాయి పరిశీలన పూర్తయ్యేదాకా చెల్లింపు నిలిపింది. అంటే వాళ్లను అనర్హులని తేల్చినట్టు కాదు. కాగితాలు చూపించి నిరూపించుకుంటే తిరిగి మొదలవుతుంది. తండ్రి చనిపోయాక 2021లో పేరు మారిన కొడుకు, 2021లో కొనుక్కున్న కొత్త యజమాని కంప్యూటర్‌కు ఒకేలా కనిపిస్తారు. తేడా చెప్పాల్సింది ఆ పేరు మార్పు ఎలా జరిగిందో చెప్పే కాగితమే.

మూడోది మినహాయింపుల జాబితా. రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు, ఉండి దిగినవారు, మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, మేయర్లు, జిల్లా పరిషత్ అధ్యక్షులు, ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు రూ.10 వేలు అంతకు మించి పింఛను తీసుకునే రిటైర్డ్ ఉద్యోగులు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులకు రాదు. నాలుగో తరగతి ఉద్యోగులకు మాత్రం సడలింపు ఉంది. గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారూ అనర్హులే. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. బ్యాంకు రుణం కోసం ఎవరో చెబితే సున్నా పన్నుతో రిటర్ను వేసిన రైతు పన్ను కట్టినవాడు కాదు. "ఆదాయపు పన్ను చెల్లింపుదారు" అని తన పేరు ముందు తప్పుగా పడితే ఈ ఒక్క మాట మీద గట్టిగా అడగవచ్చు.

ఇక ఎంతమంది రికార్డులు కలవాలో చూడండి. భూమి లెక్క రాష్ట్ర రెవెన్యూ శాఖది. ఆంధ్రాలో వెబ్‌ల్యాండ్, తెలంగాణలో ఒకప్పుడు ధరణి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి. మనిషి ఎవరో చెప్పేది ఆధార్ సంస్థ. ఆ మనిషి ఖాతా ఏ బ్యాంకులో ఉందో చెప్పేది జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ. పన్ను సంగతి ఆదాయపు పన్ను శాఖది. డబ్బు పంపే ఆర్డరు తయారయ్యేది కేంద్ర ఆర్థిక శాఖ కింద నడిచే పీఎఫ్‌ఎంఎస్‌లో. ఈ ఐదింటినీ కలిపే దారం ఆధార్ నంబరు. అందుకని ఆ 12 అంకెల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అందులో ఒక అందమైన గణితం దాగి ఉంది.

ఆధార్‌లో మొదటి 11 అంకెలకూ ఏ అర్థమూ లేదు. పుట్టిన తేదీ గానీ, జిల్లా గానీ అందులో ఉండదు. పన్నెండో అంకె మాత్రం ముందున్న పదకొండింటి నుంచి లెక్కగట్టి తీసినది. అది కాపలా అంకె. ఎవరైనా నంబరు టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలను తారుమారు చేసినా లెక్క కుదరదు, కంప్యూటర్ వెంటనే తిరగ్గొడుతుంది. మనుషులు అంకెలు రాసేటప్పుడు చేసే పొరపాట్లలో అత్యధిక భాగం ఈ రెండు రకాలే. ఆ సంగతిని నిజమైన పొరపాట్లను సేకరించి చూసి, వాటిని పట్టే పద్ధతిని 1969లో ప్రచురించినవాడు జాకోబస్ వెర్‌హూఫ్ అనే డచ్చి గణితవేత్త. ఆధార్ వాడుకుంటున్నది ఆయన పద్ధతినే.

అంకెలన్నీ కూడితే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. 15 అని రాయబోయి 51 అని రాస్తే రెండింటి మొత్తమూ 6 అవుతుంది, తప్పు దొరకదు. వరుస మారితే ఫలితం మారే లెక్క కావాలి. వెర్‌హూఫ్ దాన్ని సమపంచభుజిలో పట్టుకున్నాడు. అట్టముక్కను ఐదు సమాన భుజాలతో కత్తిరించండి. దాన్ని మళ్లీ అదే చోట కుదిరేలా పెట్టడానికి పది మార్గాలున్నాయి: ఐదు తిప్పడాలు, ఐదు తిరగేయడాలు. పది అంకెలకు ఆ పది కదలికలు. ఒక మెట్టు తిప్పి తర్వాత తిరగేస్తే మూలలు ఒక చోటికి వస్తాయి, ముందు తిరగేసి తర్వాత తిప్పితే ఇంకో చోటికి వస్తాయి. చేసి చూస్తే కళ్లకు కనిపిస్తుంది. ఈ లెక్కలో 1 పక్కన 5 చేరితే 6, 5 పక్కన 1 చేరితే 9. అయితే రెండూ తిప్పడాలే అయితే, అంటే 2, 3 లాంటి అంకెలైతే, వరుస మారినా ఫలితం ఒకటే వస్తుంది. ఆ చిన్న కంతను పూడ్చడానికి ఆయన మరో ఏర్పాటు చేశాడు. ఒక్కో స్థానంలో ఉన్న అంకెను ముందు ఒక పట్టిక ప్రకారం వేరే అంకెగా మార్చి, ఆ తర్వాత లెక్కలోకి తీసుకుంటారు. దాంతో ఒక అంకె తప్పు పడితే ఎప్పుడూ, పక్కపక్క అంకెలు తారుమారైనా ఎప్పుడూ దొరికిపోతుంది.

బ్యాంకు ఖాతా నంబరుకు దేశమంతటికీ ఉమ్మడిగా ఇలాంటి కాపలా లేదు. ఒక్కో బ్యాంకుది ఒక్కో పొడవు, ఒక్కో పద్ధతి. పైగా మన దేశంలో ఖాతాల మధ్య డబ్బు పంపేటప్పుడు చాలా ఏళ్లు ఖాతా నంబరునే చూశారు, పేరును సరిచూడాల్సిన పని బ్యాంకుకు ఉండేది కాదు. పీఎం కిసాన్ తొలి విడతల్లో డబ్బు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మీదే వెళ్లింది. ఒక అంకె తప్పితే డబ్బు తిరిగి రావచ్చు, లేదా వేరే వారి ఖాతాలో పడవచ్చు. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రాబ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. కోడ్ మారితే పాత పాసుబుక్ చూసి రాసిచ్చిన వివరాలు పనికిరాకుండా పోతాయి. అలాంటి చిక్కుల దృష్ట్యా ఆధార్ ఆధారిత చెల్లింపు మేలే.

కానీ కాపలా అంకె చెప్పేది నంబరు సరైనదని మాత్రమే. ఆ నంబరు ఈ మనిషిదేనా అన్నది వేరే ప్రశ్న. దానికి పేరు సరిచూస్తారు. ఇక్కడే తెలుగువాళ్లకు తిప్పలు మొదలవుతాయి. ఇంటిపేరు ముందుంటుంది. కొన్నిచోట్ల అది పూర్తిగా ఉంటుంది, కొన్నిచోట్ల పొడి అక్షరమే. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లిషులో 'ఎస్' పక్కన 'హెచ్' పెట్టి రాసేవారున్నారు, పెట్టనివారున్నారు, 'ఆర్' తర్వాత 'యు' చేర్చేవారున్నారు. ఊళ్లో అందరికీ ఆయన ఒక్కడే, కంప్యూటర్‌కు ముగ్గురు. రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవడానికి శాస్త్రంలో మంచి కొలత ఉంది. 1965లో వ్లదిమిర్ లెవెన్‌స్టైన్ అనే సోవియట్ గణితవేత్త చెప్పినది: ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీయాలి, మార్చాలి అని లెక్కపెట్టడమే. 'హెచ్' ఉన్న వెంకటేశ్వర్లుకూ లేని వెంకటేశ్వర్లుకూ దూరం 1. ఇంటిపేరు మొత్తం ఒకచోట ఉండి ఇంకోచోట పొడి అక్షరమే ఉంటే ఆ దూరం ఎనిమిదో పదో అవుతుంది, మనిషి మాత్రం అదే. ఎంత దూరం దాకా ఒప్పుకోవాలన్నది గణితం చెప్పదు, నిబంధన రాసేవాళ్లు తేల్చాలి. గట్టిగా బిగిస్తే అసలు రైతు బయటికి పోతాడు, వదులు చేస్తే పక్కింటి వెంకటేశ్వర్లు లోపలికి వస్తాడు.

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. పేరు సరిచూడమని అడిగితే ఆధార్ వ్యవస్థ ఇచ్చేది అవును, కాదు అనే జవాబే. లోపలున్న పేరేమిటో చెప్పదు. వ్యక్తిగత వివరాలు బయటికి పోకుండా ఉండటానికి అది అవసరమైన ఏర్పాటే. అయితే దాని ఫలితంగా కౌంటర్ దగ్గరున్న సహాయకుడికి తేడా ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడుందో తెలియదు. కార్డు, పాసుపుస్తకం పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాల్సింది రైతే. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. పథకంలో ఉన్న పేరును ఆధార్‌లో ఉన్నట్టుగా మార్చుకోవడం సులువు, పోర్టల్‌లోనే ఆ వీలుంది. దానికోసం ఆధార్‌ను మార్చబోతే మిగతా కాగితాలన్నీ కదులుతాయి.

తర్వాతి మెట్టు ఈకేవైసీ. బతికున్న మనిషే తన సమ్మతితో ఈ సాయం అడుగుతున్నాడని నిర్ధారించడం దీని పని. మూడు దారులున్నాయి: ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చే ఓటీపీ, సేవా కేంద్రంలో వేలిముద్ర, యాప్‌లో ముఖం. ఫోను నంబరు మారిపోయినవారికి మొదటి దారి మూసుకుపోతుంది. రెండో దారిలో రైతులకున్నంత కష్టం ఇంకెవరికీ లేదు.

వేలి మీది గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, జీవితమంతా ఆ అమరిక మారదు. యంత్రం మొత్తం బొమ్మను పోల్చదు. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న బిందువులను గుర్తించి వాటి స్థానాలను పోలుస్తుంది. నాట్లప్పుడు బురదలో గంటల తరబడి నాని, కొడవలి పిడికి, పార కామకు రాసుకుని, ఎరువుల్లో, మందుల్లో మునిగిన వేళ్ల మీద ఆ గీతల ఎత్తు తగ్గిపోతుంది. వయసుతో చర్మం సాగి, పొడిబారి యంత్రానికి సరిగా ఆనదు. "వేలిముద్ర పడట్లేదు" అని తిప్పి పంపించే ఆ చెయ్యి, నిజానికి సేద్యం చేస్తున్నదనడానికి అంతకన్నా గట్టి రుజువు ఉండదు. ఒక ఊరట ఏమిటంటే గీతల మూలం పైచర్మానికీ లోచర్మానికీ మధ్యన ఉంటుంది. పైపొర అరిగినా, పని తగ్గిన రోజుల్లో అవే గీతలు అదే అమరికతో మళ్లీ తేలుతాయి. నాట్లు, కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు కాకుండా పని మందగించినప్పుడు, చేతులు కడుక్కుని, కాస్త తడి అద్దుకుని వెళ్తే అవకాశం పెరుగుతుంది. పది వేళ్లలో ఏది బాగా పడుతుందో పరీక్షించే పద్ధతి ఆధార్ వ్యవస్థలోనే ఉంది. బొటనవేలు పడలేదని వదిలేయకుండా మిగతావి పెట్టి చూడమని అడగాలి.

2023 జూన్‌లో పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూసి ఈకేవైసీ చేసే సదుపాయం వచ్చింది. కేంద్ర పథకాల్లో ఇదే మొదటిసారి. కదలలేని వృద్ధుడి ఇంటికే వెళ్లి, ఇంట్లోని స్మార్ట్‌ఫోనుతో పని ముగించవచ్చు. తన ఈకేవైసీ పూర్తి చేసుకున్న రైతు ఇంకో వంద మందికి చేసిపెట్టవచ్చు, అధికారికి ఆ పరిమితి ఐదు వందలు. వేళ్లు అరిగిన చేతులకు ఇంతకు ముందు రావాల్సిన సదుపాయం ఇది. ఏ పద్ధతి అయినా నూటికి నూరు పాళ్లు సరిపోల్చదు. 9 కోట్ల మందిలో నూటికి ఒక్కరికి కుదరలేదనుకున్నా 9 లక్షల కుటుంబాలవుతాయి. అందుకే ఒక దారి మూసుకుంటే ఇంకోటి తెరిచి ఉండటం ఈ వ్యవస్థకు ప్రాణం.

ఇక డబ్బు ఎక్కడికి వెళ్తుందన్నది. ఇక్కడ పొరపాట్లు చాలా జరుగుతాయి, దీన్ని అర్థం చేసుకున్నవారు తక్కువ. ఆధార్ ఆధారిత చెల్లింపులో ప్రభుత్వం ఖాతా నంబరు రాయదు, ఆధార్ నంబరు మాత్రమే రాస్తుంది. ఎన్‌పీసీఐ దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంటుంది. దాన్ని మ్యాపర్ అంటారు. అందులో ఒక్కో ఆధార్‌కు ఎదురుగా ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది, ఖాతా నంబరు ఉండదు. పోస్టు సంచీ మీద తపాలా కార్యాలయం పేరు మాత్రమే ఉన్నట్టు. ఏ ఇంటికి అన్నది ఆ కార్యాలయం లోపల తేలుతుంది. డబ్బు ఆ బ్యాంకుకు చేరాక, అక్కడ ఈ ఆధార్‌కు జోడించిన ఖాతాను బ్యాంకే వెతికి జమ చేస్తుంది.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. మీకు నాలుగు బ్యాంకుల్లో ఖాతాలుండి నాలుగింటికీ ఆధార్ ఇచ్చి ఉన్నా, మ్యాపర్‌లో ఉండేది ఒక్కటే, చివరిగా జోడించినది. సంఘం రుణం కోసమో, ఉపాధి కూలీ కోసమో కొత్త ఖాతా తెరిచినప్పుడు దరఖాస్తులో ప్రభుత్వ రాయితీలు ఈ ఖాతాకే రావాలన్న గడిలో టిక్ పడితే, అప్పటి నుంచి రెండు వేలూ అక్కడికే పోతాయి. పాత పాసుబుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగేవారిలో కొందరి డబ్బు ఇలా ఎప్పుడో వేరే ఖాతాలో పడి ఉంటుంది. రెండోది, "ఆధార్ లింక్ అయ్యే ఉంది" అని బ్యాంకు గుమస్తా చెప్పే మాట సగం జవాబే. బ్యాంకు తన లెక్కల్లో ఆధార్ రాసుకోవడం ఒకటి, దాన్ని మ్యాపర్‌కు పంపడం ఇంకొకటి. కాబట్టి అక్కడ అడగాల్సిన మాట: "ఎన్‌పీసీఐ మ్యాపింగ్ యాక్టివ్‌గా ఉందా? డీబీటీకి, అంటే ప్రభుత్వ సొమ్ము నేరుగా జమ కావడానికి, ఈ ఖాతా పెట్టారా?" ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకు పేరుందో ఎవరి నోటి మాటా అక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ఇప్పుడు స్టేటస్ పేజీ తెరుద్దాం. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో 'ఫార్మర్స్ కార్నర్'లోని 'నో యువర్ స్టేటస్'లో రిజిస్ట్రేషన్ నంబరు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ నంబరు గుర్తులేకపోతే ఆధార్‌తోనో ఫోను నంబరుతోనో అక్కడే తీసుకోవచ్చు. తెరుచుకున్న పేజీలో చూడాల్సినవి మూడు వరుసలు. ల్యాండ్ సీడింగ్ ఎదురుగా 'నో' ఉంటే భూమి వివరాలు పథకానికి జోడించలేదన్నమాట, పాసుపుస్తకం తీసుకుని వ్యవసాయ శాఖ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆంధ్రాలో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈవో). ఈకేవైసీ దగ్గర 'నో' ఉంటే సేవా కేంద్రానికో, యాప్‌కో. ఆధార్ బ్యాంక్ సీడింగ్ దగ్గర 'నో' ఉంటే బ్యాంకుకే, వ్యవసాయ శాఖ దాన్ని సరిచేయలేదు. మూడింటికీ 'ఎస్' ఉండి డబ్బు రాకపోతే కింద విడతల వివరాలు చూడాలి. 'ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్ బై స్టేట్' అంటే పేర్లు సరిచూసి రాష్ట్రం సంతకం పెట్టి సొమ్ము అడిగింది. 'ఎఫ్‌టీవో జనరేటెడ్' అంటే పంపే ఆర్డరు తయారైంది, బ్యాంకు నుంచి జమైనట్టు కబురు రావాలి, ఈ దశలో ఎక్కడికీ పరిగెత్తనక్కర్లేదు. 'వెయిటింగ్ ఫర్ అప్రూవల్ బై స్టేట్' అని ఉంటే మాత్రం మండల, జిల్లా స్థాయిలో అడిగి తీరాలి, ఎందుకంటే అది తనంతట తాను కదలదు. ఇంగ్లిషు రానివారికి కిసాన్ ఇ-మిత్ర అనే చాట్‌బాట్ ఉంది, తెలుగులో నోటితో అడిగినా జవాబిస్తుంది. 155261 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

రాష్ట్రాల పథకాలు ఇదే దారిలో నడుస్తాయని అనుకోవద్దు. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి రూ.4 వేలు చెక్కుల రూపంలో ఇచ్చారు. 2025 జనవరి 26న మొదలైన రైతుభరోసాలో ఎకరానికి సీజనుకు రూ.6 వేలు. అక్కడ లెక్క ఎకరాల మీద, పట్టాదారు పాసుపుస్తకం మీద. కుటుంబం అన్న నిబంధన లేదు కనుక భార్యాభర్తలిద్దరికీ వేర్వేరుగా రావచ్చు. ఆంధ్రాలో అన్నదాత సుఖీభవ ఏడాదికి రూ.20 వేలు, అందులో రాష్ట్రానిది 14, కేంద్రానిది 6. కేంద్రం వాటా ఆగి రాష్ట్రం వాటా పడినవారు, రాష్ట్రంది ఆగి కేంద్రంది పడినవారు ఇద్దరూ ఉండవచ్చు. రెండు స్టేటస్‌లూ వేర్వేరుగా చూడాలి.

ఇన్ని తనిఖీలు ఎందుకని కోపం రావడం సహజం. 2020లో తమిళనాడులో రైతులు తామే నమోదు చేసుకునే వీలును ఆసరాగా తీసుకుని దళారులు లక్షల మంది అనర్హుల పేర్లు ఎక్కించారు, రూ.110 కోట్ల వరకు పక్కదారి పట్టింది. తనిఖీలు అందుకు అవసరమే. కానీ తప్పు రెండు వైపులా జరుగుతుంది. అనర్హుడికి వెళ్లిన రెండు వేలను తర్వాత రాబట్టుకోవచ్చు, ప్రభుత్వం వందల కోట్లు అలా రాబట్టింది కూడా. ఆగిన రెండు వేల వల్ల విత్తనాలు సమయానికి కొనలేని రైతుకు ఆ అదను తిరిగి రాదు. ఐదు సంస్థల రికార్డుల్లో తేడా వస్తే సరిచేసే భారం ఐదు సంస్థలదీ కావాలి, ఇప్పుడు మాత్రం అది రైతు ఒక్కడి నెత్తిన ఉంది. కనీసం ఆగిన కారణాన్ని, వెళ్లాల్సిన కార్యాలయాన్ని తెలుగులో ఒక ఎస్‌ఎంఎస్‌గా పంపవచ్చు. డబ్బు పడిందని పంపగల వ్యవస్థకు అది పెద్ద పనేమీ కాదు.

ఈ అయోమయాన్నే దొంగలు వాడుకుంటున్నారు. విడత దగ్గర పడగానే వాట్సాప్ గ్రూపుల్లో "పీఎం కిసాన్ లిస్టు" పేరుతో ఏపీకే ఫైలు తిరుగుతుంది. దాన్ని నొక్కితే ఫోన్లోకి వచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. అసలు యాప్ ప్లే స్టోర్‌లో మాత్రమే దొరుకుతుంది. వాట్సాప్‌లో వచ్చినది ఎవరు పంపినా, సొంత తమ్ముడు పంపినా తెరవకూడదు. అతనికీ అది వేరేవాళ్ల నుంచి వచ్చి ఉంటుంది.

ఈ మెట్లలో దేనికీ అందని పెద్ద గుంపు ఒకటి మిగిలిపోయింది. కౌలు రైతులు. పీఎం కిసాన్ రికార్డులో పేరున్నవారికే ఇస్తుంది, తెలంగాణలో రైతుబంధు నాటి నుంచి పట్టాదారుకే. ఆంధ్రాలో 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకు కౌలు కార్డు ఇస్తారు, దానితో రాష్ట్రం వాటాకు దారి ఉంది. కానీ కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమానులు వెనకాడతారు. ఎకరాకు ముందుగానే కౌలు కట్టి, అప్పు తెచ్చి, నష్టం మోసేవాడికి స్టేటస్ పేజీలో 'నో' అన్న జవాబైనా రాదు, అసలు అతని పేరే అందులో లేదు. ఎన్ని రికార్డులు సరిచేసినా ఈ లోటు తీరదు, చట్టమే మారాలి.

చివరగా పట్టాదారు చనిపోయిన ఇల్లు. అన్ని చిక్కులూ ఒకేసారి వచ్చేది ఇక్కడే. భర్త పోయాక విడత ఆగుతుంది. భూమి భార్య పేరిట మారితే వారసత్వం కింద ఆమె అర్హురాలే, 2019 తేదీ అడ్డు రాదు. అయితే ఆమె ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, రేషన్ కార్డులో మెట్టినింటి ఇంటిపేరు, బ్యాంకులో పొడి అక్షరం. మ్యాపర్‌లో డ్వాక్రా సంఘం కోసం తెరిచిన ఖాతా ఉంటుంది. ఇలాంటప్పుడు వరుస ముఖ్యం. మొదట ఆధార్‌లో పేరు ఎలా ఉండాలో తేల్చుకుని, ఫోను నంబరు జోడించుకోవాలి. రెవెన్యూ కార్యాలయంలో పేరు మార్పు దరఖాస్తు ఇచ్చేటప్పుడు ఇంగ్లిషులోనూ తెలుగులోనూ అదే పేరు అక్షరం తేడా లేకుండా రాయించాలి. కొత్త పాసుపుస్తకం చేతికొచ్చాక అది వారసత్వంగా మారిందని చూపే ఉత్తర్వు నకలు ఒకటి విడిగా దాచుకోవాలి. బ్యాంకులో మ్యాపింగ్ ఏ ఖాతాకు ఉందో చూసుకోవాలి. ఆ తర్వాతే కొత్త రిజిస్ట్రేషన్, ఈకేవైసీ. వరుస తప్పి ముందుగా రిజిస్ట్రేషన్ చేయిస్తే పేరు కలవక దరఖాస్తు తిరిగొస్తుంది, మళ్లీ మొదటి నుంచి తిరగాలి.